మూత లేకుండా ఇచ్చిన నూనె

మా షాపుకి వచ్చేవాళ్ళు నన్ను మూతాయన అంటారు. కార్ల విడిభాగాలు అమ్మే దుకాణంలో నేను పంతొమ్మిదేళ్ళుగా కౌంటర్ దగ్గర నిలబడుతున్నాను. ఎవరైనా వచ్చి పవర్ స్టీరింగ్ ఆయిల్ కావాలంటే కారు ఏదని ముందు అడగను. "మూత తెచ్చారా?" అంటాను. ఆ నూనె పోసే చిన్న ట్యాంకు మూత మీద ఏ రకం పొయ్యాలో అచ్చు వేసి ఉంటుంది. మనుషులు మరిచిపోతారు. మెకానిక్కులు ఊహించుకుంటారు. పక్కింటివాళ్ళు తమ కారుకి ఏది పోశారో అదే పొయ్యమంటారు. మూత ఎప్పుడు చూసినా ఒకే మాట చెబుతుంది.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. చాలా ఏళ్ళ కిందట ఎవరో తప్పు నూనె అమ్మితే, అది పోసుకున్న పెద్దమనిషి స్టీరింగ్ తిరక్క గోడని గుద్దేశాడు. అప్పటినుంచి మా ఓనరు నియమం పెట్టాడు. మూత చూడకుండా స్టీరింగ్ ఆయిల్ ఎవరు అమ్మినా ఆ రోజే ఇంటికి. నాకు తెలిసి ఇద్దరు అలాగే వెళ్ళారు. ఒకడు ఓనరుకి సొంత మేనల్లుడు.

నాకా నియమం నచ్చింది. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని షట్టరు ఎత్తేటప్పుడు ఒక్కోసారి అనుకునేవాణ్ణి, మనిషి మీద కూడా ఇలా ఎక్కడో ఒకచోట అచ్చు వేసి పంపి ఉంటే ఆయనకి పోయేదేముంది అని. ఎవరిలో ఏం పొయ్యాలో, ఏం పొయ్యకూడదో తెలిసి ఉండేది కదా.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా మరదలు, తమ్ముడు షాపుకి వచ్చారు.

మరదలు అంటే నా తమ్ముడి భార్య. ఆరుగురు పిల్లల్ని పొద్దున బడికి తీసుకెళ్ళి, సాయంత్రం ఇళ్ళకి చేరుస్తుంది, తమ పాత పెద్దకారులో. పిల్లలు ఆమెని కారత్త అంటారు. వాళ్ళని చూసి వాళ్ళ తల్లులూ అదే పేరు. రెండేళ్ళ కిందట తడి మెట్ల మీద జారిపడి ఆమె కుడి మోచెయ్యి మూడు ముక్కలైంది. అతికింది గానీ బలం రాలేదు. ఆ చేత్తో తడిబట్ట పిండలేదు, నిండు బిందె ఎత్తలేదు. కానీ కారు నడపగలదు. పవర్ స్టీరింగ్ మహిమే అది. చక్రాన్ని తిప్పే బరువంతా లోపలి నూనె, పంపు మోస్తాయి, చెయ్యి దారి చూపిస్తే చాలు. "నా ఎముకలు డాక్టరు అతికించాడు, నా బతుకుని మాత్రం ఆ నూనె అతికించింది బావగారూ," అనేది నవ్వుతూ.

ఇప్పుడు లైసెన్సు గడువు అయిపోవచ్చింది. డాక్టరు కాగితంలో 'కుడిచేతి బలం సగం' అని రాశాడు. ఆఫీసువాళ్ళు, అయితే సోమవారం మైదానంలో మా కళ్ళముందు నడిపి చూపించు అన్నారు. నెగ్గితే ఇంకో అయిదేళ్ళు పిల్లల్ని ఎక్కించుకోవచ్చు. తప్పితే ఇక మళ్ళీ అవకాశం లేదు, పిల్లల బండి నడిపే అర్హత కొట్టేస్తారు.

"మూత తెచ్చాను," అంది, చేతిసంచీలోంచి రుమాలు విప్పుతూ. "మీరు అడగకముందే."

"చూశావా! ఈ ఊళ్ళో నా బాధ అర్థం చేసుకున్న మనిషివి నువ్వొక్కదానివే."

"ఇద్దరూ కలిసి మూతల సంఘం పెట్టుకోండి," అన్నాడు తమ్ముడు. "అధ్యక్షుడు నువ్వు, కార్యదర్శి అది. నేను చందా కడతా."

వాడు కౌంటరుకి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. వాడు కూడా డ్రైవరే. ఒక కంపెనీలో పెద్ద బస్సు నడిపేవాడు. రెండుసార్లు తాగి డ్యూటీకి వెళితే తీసేశారు. మూడేళ్ళయింది. మళ్ళీ ఎవరూ పిలవలేదు. వీధిలో వాణ్ణి కారత్త మొగుడు అంటారు. ఎగతాళికి కాదు, గుర్తు కోసం. ఒకసారి మంగలి షాపులో గడ్డం గీయించుకుంటుంటే పక్క కుర్చీలో పెద్దాయన, "బాబూ, మేడంగారి కారు రేపు ఎన్నింటికి వస్తుంది?" అని అడిగాడట. వాడు నవ్వి టైము చెప్పాడు. సగం గడ్డంతో లేచి ఇంటికొచ్చేశాడు. ఆ సంగతి మరదలే మా ఆవిడకి చెప్పింది, జాలిగా.

"ఏమైంది బండికి?" అని అడిగాను.

"మలుపులో సన్నగా మూలుగుతోంది బావగారూ. ట్యాంకులో చూస్తే నూనె గీత కన్నా కాస్త దిగింది. సోమవారం పెట్టుకుని ఎందుకులే, ముందే సరిచేసుకుందామని."

మూత వెలుగులో పెట్టి చదివాను. వాళ్ళ కారుకి కావలసింది మా దగ్గర పచ్చ డబ్బాలో వస్తుంది. తీసి కౌంటరు మీద పెట్టాను.

"ఆ ఎర్ర డబ్బా కూడా స్టీరింగ్ ఆయిలే కదా?" అంది మరదలు. "మా వీధి మెకానిక్కు ఏదైనా ఒకటే, పోసెయ్యమ్మా అన్నాడు."

ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు ఉత్సాహం వస్తుంది. కొంతమంది గిరాకీలు నేను మొదలెట్టగానే గడియారం చూసుకుంటారు. అయినా ఆపను. సరైనది ఇవ్వడం సగం పనే, తప్పుది పోస్తే ఏమవుతుందో చెప్పడం మిగతా సగం అని నా నమ్మకం.

"ఒకటే అన్నవాడి చేత రెండూ తాగించాలి," అన్నాను. "ఎర్రది మంచిదే, ఎర్రది పొయ్యాల్సిన బండికి. నీ బండిలో పచ్చదాని మీద ఎర్రది పడిందనుకో, రెంటికీ పడదు. లోపల గిరగిరా తిరిగి నురగ కడుతుంది. పంపు నూనెని నెట్టగలదు గానీ నురగని ఏం నెడుతుంది? స్టీరింగ్ ఒక క్షణం దూదిలా ఉంటుంది, మరుక్షణం బండరాయి. ఎప్పుడు ఏదో నీకు తెలీదు. చిత్రమేమిటంటే, బయటికి ఒక్క చుక్క కారదు. పక్కన కూర్చున్నవాడికి కూడా ఏం తెలీదు. నడిపేవాళ్ళ చేతులకే తెలుస్తుంది."

తమ్ముడు ఫోను మీంచి తల ఎత్తాడు. "ఎంత కలిస్తే?"

"ఎంతో అక్కర్లేదు. ఒక గ్లాసుడు చాలు."

"వెంటనేనా?"

"ఓ గంట ఇంజను తిరిగితే."

"మళ్ళీ బాగవుతుందా?"

"మొత్తం దింపేసి, రెండుసార్లు కడిగి, మంచిది పోస్తే బాగవుతుంది. వదిలేస్తేనే రబ్బర్లు పోతాయి."

"అబ్బో," అన్నాడు. "నీ దగ్గర చాలా చదువుందన్నా."

పంతొమ్మిదేళ్ళలో వాడు నా పని గురించి ఏదైనా అడగడం అదే మొదలు. నాకు సంతోషంగా అనిపించింది. ఆ రాత్రి భోంచేస్తూ మా ఆవిడకి కూడా చెప్పాను, వాడిలో మార్పు వస్తున్నట్టుంది అని. ఆమె మజ్జిగ పోసింది.

శనివారం మధ్యాహ్నం ఓనరు భోజనానికి వెళ్ళిన వేళకి తమ్ముడు ఒక్కడే వచ్చాడు.

"ఎర్ర డబ్బా ఒకటియ్యి."

"ఎవరికి?"

"మా ఫ్రెండు బండికి."

"మూత తెచ్చావా?"

"తేలేదు."

"తెమ్మను. బండి దగ్గర్లోనే ఉంటే పరిగెత్తుకెళ్ళి విప్పుకు రా."

"సొంత తమ్ముణ్ణి కూడా మూత అడుగుతావేంటన్నా? ఇదిగో, నా నెత్తి మీద రాసుంటుంది, చదువుకో." తల వంచి కౌంటరు మీదకి పెట్టాడు. నడినెత్తిన జుట్టు ఊడి రూపాయి బిళ్ళంత చర్మం కనిపిస్తోంది. చిన్నప్పుడు ఆ తలకి నేనే నూనె రాసేవాణ్ణి. నవ్వొచ్చింది. నవ్వుతూనే అర వైపు తిరిగి ఎర్ర డబ్బా తీసిచ్చాను.

వాడు మెట్లు దిగుతుంటే మళ్ళీ పిలిచాను. "నిజంగా ఫ్రెండుకేనా?"

"కాక, నీ మరదలికా?" అని వాడు పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఎందుకు రెండోసారి అడిగానో తరవాత చాలాసార్లు ఆలోచించాను. మొదటి జవాబు నమ్మిన మనిషి మళ్ళీ అడగడు కదా.

ఆదివారం పొద్దున ప్రార్థనకి కూర్చుంటే మనసు నిలవలేదు. లేచి మరదలికి ఫోన్ చేశాను. తమ్ముడు ఎత్తాడు.

"అది పిల్లల సీటు కవర్లు ఉతుకుతోందన్నా, చెయ్యి ఖాళీ లేదు. ఏంటి సంగతి?"

"ఏం లేదు. నూనె పోశావా?"

"పోశాను. నువ్విచ్చిందే."

"పచ్చదే కదా?"

"అన్నా," అన్నాడు వాడు మెల్లగా, "నీకు నా మీద ఎప్పట్నుంచి అనుమానం? మూడేళ్ళ నుంచా, పుట్టినప్పట్నుంచా?"

నాకు సిగ్గేసింది. ఫోన్ పెట్టేసి మళ్ళీ కూర్చున్నాను. తమ్ముణ్ణి తప్పుగా తలచుకున్నందుకు క్షమించమని దేవుణ్ణి అడిగాను. అడిగాక మనసు తేలికైంది. ఆ తేలికే ఆయన ఇచ్చిన జవాబు అనుకున్నాను. ఆయన ఆ పూట ఏమైనా అన్నాడో లేదో ఇప్పటికీ తెలీదు.

సోమవారం మైదానం దగ్గర బండ్లు తెల్లవారకముందే వరసలో నిలబడాలి. వరస కోసం తమ్ముడు కారు తీసుకుని ముందే వెళ్ళాడు. మరదలు నన్ను తోడు రమ్మంది. "మీరు ఉంటే ధైర్యంగా ఉంటుంది బావగారూ, మీరేం మాట్లాడక్కర్లేదు, ఊరికే కనిపిస్తే చాలు." సగం రోజు సెలవు పెట్టి బస్సులో ఆమెతో వెళ్ళాను. దారి పొడుగునా ఆమె ఒళ్ళో కుడి అరచేయి మూసి, తెరిచి, మూసి, తెరిచి వేళ్ళకి పని చెబుతూనే ఉంది.

మైదానం అంటే పెద్ద సిమెంటు నేల. దాని మీద తెల్లరంగుతో ఎనిమిది అంకె ఆకారంలో దారి గీశారు. గీత పక్కన ప్లాస్టిక్ స్తంభాలు. చుట్టూ కడ్డీల కంచె. కంచె బయట మాలాంటివాళ్ళు నలభై మంది. గేటు పక్కన బోర్డు మీద నియమాలు రాసి ఉన్నాయి. వాహనంలో లోపం ఉంటే పరీక్ష మొదలవకముందే చెప్పాలి, ఇంకో తేదీ ఇస్తారు, మొదలయ్యాక చెబితే ఒప్పుకోరు. దాన్ని నేను చదివాను. మరదలు కూడా చదివింది.

ఆమె నంబరు పిలిచారు. వరస మొదట్లో తమ్ముడు కారు దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు, ఎవరో పెద్దింటి డ్రైవరులా వంగి. "దయచెయ్యండి మేడం," అన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వి ఎక్కింది.

ఇంజను తిప్పి, చక్రాన్ని కొంచెం పక్కకి తిప్పింది. అంతే. బానెట్ కిందనుంచి సన్నటి మూలుగు లేచింది, మూతి బిగించిన కుక్క మూలిగినట్టు. ఆ శబ్దం నాకు నా గొంతు కన్నా బాగా తెలుసు. నూనె తక్కువైన మూలుగు వేరు, నురగ కట్టిన మూలుగు వేరు.

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు నన్నే చూస్తున్నాడు.

మరదలు అద్దం దించింది. "బావగారూ, ఈ శబ్దం ఏంటి? ఇంతకుముందు ఇంతలేదు. చక్రం కూడా ఏదోగా ఉంది."

పరీక్ష అధికారి ఒకావిడ, చేతిలో అట్టకి కాగితాలు గుచ్చుకుని అక్కడే ఉంది. మంచి మనిషే. "బండిలో ఏమైనా తేడా ఉందామ్మా? ఉంటే ఇప్పుడే చెప్పండి. వచ్చే నెల తేదీ వేస్తాను. గీత దాటాక నేనేం చెయ్యలేను," అంది.

"తేడా ఏముంటుందండీ," అన్నాడు తమ్ముడు. "నిన్నే కొత్త నూనె పోశాను. అయినా నా మాట ఎందుకు? ఇదిగో మా అన్న, పంతొమ్మిదేళ్ళ నుంచి ఇదే పని. ఈ నూనె అమ్మింది కూడా ఆయనే. అడగండి."

కంచె దగ్గరున్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. తమ్ముడు నా భుజం మీద చెయ్యేసి, ముద్దుగా అన్నట్టు చెవి దగ్గరికి వచ్చాడు. "చెప్పన్నా. ఏ డబ్బా, ఎవరిచ్చారు, మూత చూసిచ్చారా లేదా, అన్నీ చెప్పు. మీ ఓనరు చెవిన కూడా పడుతుంది."

నేను పెద్దగా ఆలోచించానని చెప్పను. ఆలోచించడానికి అక్కడ ఎంత సేపు ఉంది? ఓనరు మొహం కనిపించింది. ఈ వయసులో ఇంకో కౌంటరు ఎవరిస్తారు అనిపించింది. నలభై మంది ముందు, నా తమ్ముడు తన పెళ్ళాం బండిలో విషం పోశాడని ఏ నోటితో అనాలి అనిపించింది. దేవుడా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి, ఆ ఇంజను ఆపెయ్యి, అని కూడా అనుకున్నాను. ఇంజను ఆగలేదు. ఆపమని నాకు నోరిచ్చి ఊరుకున్నాడేమో ఆయన.

"ఏం లేదండీ," అన్నాను. "పంపు పాతది. ఆ శబ్దం మామూలే."

మరదలి మొహం విప్పారింది. "అమ్మయ్య," అంది. "మీరు చెబితే సరే." అద్దం ఎత్తుకుంది.

మొదటి మలుపు బాగానే తీసింది. చక్రం దూదిలా తిరిగి ఉంటుంది. రెండో మలుపు దగ్గర ఆమె భుజాలు ఒక్కసారిగా ముందుకి పడ్డాయి. చక్రం కదలడం లేదు. ఎడమచేత్తో లాగుతోంది, కుడిచెయ్యి పట్టు జారి డోరుకి కొట్టుకుంది. మళ్ళీ పట్టుకుంది. నడుం సీటు మీంచి లేచింది. కారు తెల్లగీత దాటి ఒక స్తంభాన్ని పడగొట్టింది.

"అమ్మగారు కారు తోలుతున్నారా, బావిలో చేద లాగుతున్నారా?" అన్నాడు కంచె మీద ఎవరో. నవ్వులు.

"భయపడకు!" అని తమ్ముడు అరిచాడు, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని. "గట్టిగా తిప్పు! చేతిలో బలం తెచ్చుకో! తిప్పు!" వాడి గొంతులో ఎంత ప్రేమ ఉందంటే, పక్కనున్న ముసలావిడ, "పాపం, మొగుడు మంచోడు," అంది.

ఆమె బలం తెచ్చుకుంది. సరిగ్గా అప్పుడే చక్రం వదులైంది. బండరాయి కోసం పెట్టిన బలం దూది మీద పడేసరికి కారు గిర్రున తిరిగి రెండో వైపు గీత కూడా దాటింది. ఇంకో రెండు స్తంభాలు పడ్డాయి. బ్రేకు వేసింది. ఇంజను ఆగింది. అప్పుడు ఆగింది.

అధికారి దగ్గరికి వెళ్ళి, తొందరేం లేదమ్మా, నీళ్ళు తాగి వెనక్కి నడపడం ఒకటి చూపించండి, అది బాగుంటే చూద్దాం అంది. వెనక్కి కూడా చూపించింది. ఆ కాస్త దూరంలో కారు మూడు వంకర్లు పోయింది.

"మీకు తెలివి ఉంది, జాగ్రత్త ఉంది, చూస్తేనే తెలుస్తోంది," అంది అధికారి కాగితం మీద రాస్తూ. "కానీ పిల్లలు ఎక్కే బండి. ఆ చేతికి ఈ పని బరువు తల్లీ. నన్ను తప్పుగా అనుకోకండి." రాసిన కాగితం మీద మరదలి చేత సంతకం పెట్టించింది. ఆమె కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని సంతకం చేసింది.

తమ్ముడు ఇంకేదో కాగితం కోసం కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మేమిద్దరం కారు పక్కన నిలబడ్డాం. ఆమె ఏడవలేదు. చాలా శ్రద్ధగా, లెక్క తప్పిన పిల్ల పంతుల్ని అడిగినట్టు అడిగింది.

"బావగారూ, మీకు ఈ బండ్ల సంగతి తెలుసు. నాకు అబద్ధం చెప్పొద్దు. నేను తట్టుకుంటాను. శుక్రవారం దాకా నేను వేలితో తిప్పాను. ఇవాళ రాలేదు. తేడా బండిలో ఉందా, నా చేతిలో ఉందా?"

చెప్పడానికి నాకు ఇంకో అవకాశం ఇచ్చారు. ఎవరిచ్చారో ఆయనకే తెలియాలి. కాగితం మీద సంతకం అయిపోయింది, ఇప్పుడు చెప్పినా అది చిరగదు అని ఒక మనసు అంది. చిరగకపోయినా ఆమెకి తన చెయ్యి మిగులుతుంది కదా అని ఇంకో మనసు అంది. కిటికీ దగ్గరనుంచి తమ్ముడు చేతిలో కాగితం ఊపుకుంటూ వస్తున్నాడు.

"చెయ్యేనమ్మా," అన్నాను.

తల ఊపింది. "నేనూ అదే అనుకున్నాను. భయం వల్ల ఇంకా బలం పోయినట్టుంది," అంది. నేను బాధపడకూడదని అన్నట్టు నా వైపు చూసి కొంచెం నవ్వింది కూడా.

తమ్ముడు వచ్చి తాళాలు నా చేతిలో పెట్టాడు. "నువ్వు నడుపన్నా. నాకు చెయ్యి నొప్పిగా ఉంది."

ఆ మాటకి వాడు నవ్వలేదు. ఆమె వినలేదేమో అనుకున్నాను, విన్నది. తల దించుకుని వెనకసీట్లో కూర్చుంది, రోజూ ఆరుగురు పిల్లలు కూర్చునే చోట. ఉతికిన సీటు కవర్లు ఇంకా సబ్బు వాసన వేస్తున్నాయి. వాడు నా పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

గేటు దాటి మొదటి మలుపు తిప్పగానే చక్రం నా రెండు చేతుల్లోనూ బిగుసుకుపోయింది. నేను రోజూ పెట్టెలు మోసే మనిషిని. నా జబ్బలు నొప్పెట్టాయి. ఆ చేత్తో ఆమె దీన్ని ఎనిమిది అంకెలో సగం దాకా తిప్పుకొచ్చింది. పళ్ళు బిగించి, భుజాలు మాత్రం కదలకుండా చూసుకుంటూ తిప్పాను. వెనకనుంచి చూసేవాళ్ళకి ఏమీ తెలీకూడదు కదా.

వెనక ఆమె ఫోన్లు మొదలుపెట్టింది.

"నమస్కారమండీ, నేను కారత్తని. రేపట్నుంచి పాపకి వేరే బండి చూసుకోండి... లేదండీ, కారు బాగానే ఉంది. నా చెయ్యే... అవునండీ, చూపించుకున్నాను... మా బావగారు కూడా అదే అన్నారు, ఆయనకి అన్నీ తెలుసు... సరేనండీ. పాప సీసా నా దగ్గర ఉండిపోయింది, పంపిస్తాను."

పెట్టేసి రెండో నంబరు నొక్కింది. మళ్ళీ అవే మాటలు, అదే వరసలో. మా బావగారు కూడా అదే అన్నారు.

నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. పెద్ద మలుపు. ఊపిరి బిగపట్టి చక్రం తిప్పుతున్నాను. ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని ముందుకి వంగి చూస్తోంది, అద్దంలో కనిపిస్తోంది.

"మీ చేతిలో ఎంత బుద్ధిగా తిరుగుతోందో చూడండి," అంది మెచ్చుకోలుగా.

"అన్న ఒంటిచేత్తో కూడా తిప్పగలడు," అన్నాడు తమ్ముడు. నా వైపు తిరిగి కూర్చున్నాడు. "చూపించన్నా. దానికీ ఒక తృప్తి, అనుమానం ఉండదు."

ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. వినపడనట్టు ఊరుకుంటే సరిపోయేది. ఎడమచెయ్యి తీసి తొడ మీద పెట్టుకున్నాను. కుడిచెయ్యి ఒక్కదానితో ఆ బండరాయిని లాగాను. భుజంలో ఏదో పట్టు తప్పినట్టయింది. కంట్లో నీళ్ళు తిరిగాయి. కారు నున్నగా మలుపు తిరిగింది.

అద్దంలో చూశాను. ఆమె వెనక్కి జారగిలబడింది. కుడిచేతిని ఒళ్ళోకి తీసుకుని, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు చీర చెంగు దాని మీద కప్పింది. ఎడమచేత్తో మూడో నంబరు నొక్కింది.